డేటా సెంటర్ వస్తోందని డేటా సైన్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మేము విశాఖపట్నంలోని గాజువాకలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. రోజూ రాత్రి కోడ్‌చెఫ్, లీట్‌కోడ్ అనే వెబ్‌సైట్లు తెరిచి సీ ప్లస్ ప్లస్ భాషలో ఏవో ప్రోగ్రామింగ్ పజిల్స్ చేస్తూ ఉంటుంది. ఒక్కోసారి రెండు గంటలు కూర్చున్నా ఒక్కటీ పూర్తి కాదు. మా బావమరిది కొడుకు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇప్పుడు మన ఊరికి గూగుల్ డేటా సెంటర్ కూడా వస్తోంది కదా అని ద్వారకానగర్‌లో 1,80,000 రూపాయల కోర్సుకు 10,000 అడ్వాన్స్ కట్టాను. మిగతాది పీఎఫ్‌లో నుంచి తీద్దామనుకుంటున్నాను. అమ్మాయికి మాత్రం ఇష్టం లేదు. సీ ప్లస్ ప్లస్ మానేసి పైథాన్ భాషకు మారమనాలా? పజిల్స్ మేలా, డేటా మేలా? పోల్చి చెప్పగలరు.

జవాబు: మీరు అడిగినట్టే పోల్చి చెబుతాను. అయితే అంతకంటే ముందు మీ ఉత్తరంలో నాకు కనిపించిన భయం గురించి మాట్లాడాలి. ఈ ప్రశ్న నా దగ్గరకు చాలాసార్లు వచ్చింది. ఒకప్పుడు జావా అన్నారు, తరువాత టెస్టింగ్ అన్నారు, ఆ తరువాత క్లౌడ్ అన్నారు, ఇప్పుడు డేటా సైన్స్ అంటున్నారు. కోర్సు పేరు మారినా దాని అడుగున ఉండే బెంగ ఒక్కటే: అందరి పిల్లలూ ఒడ్డున పడుతున్నారు, మా పిల్ల మాత్రం ఒకే లెక్క దగ్గర ఆగిపోయింది. మీ అమ్మాయి ఆగిపోలేదండీ. ఆ సంగతి మీకు నమ్మకంగా చెప్పగలిగితే నా జవాబులో సగం పూర్తయినట్టే.

ముందు డేటా సెంటర్ సంగతి చూద్దాం. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో దాదాపు 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించిన నాటి నుంచి నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో చాలామంది డేటా సెంటర్‌ను, డేటా సైన్స్‌ను ఒకటిగానే తలుస్తున్నారు. డేటా సెంటర్ అంటే కంప్యూటర్లను వేల సంఖ్యలో బారులు తీర్చి, వాటికి క్షణం తెగని కరెంటును, అవి వేడెక్కకుండా చల్లదనాన్ని, బయటి ప్రపంచంతో కలిపే కేబుళ్లను అమర్చిన కట్టడం. దాన్ని నడపడానికి ముఖ్యంగా కావలసినది ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు, నెట్‌వర్క్ నిపుణులు, రాత్రింబవళ్లు షిఫ్టుల్లో యంత్రాలను కనిపెట్టుకుని ఉండే సాంకేతిక సిబ్బంది. డేటా సైన్స్ అంటే సమాచారాన్ని విశ్లేషించడం; ఆ పని చేసే మనిషి ఆ కట్టడం పక్కనే కూర్చోవలసిన అవసరం లేదు. అతడు పుణేలో ఉండవచ్చు, డబ్లిన్‌లో ఉండవచ్చు. దాని చుట్టూ సాఫ్ట్‌వేర్ సంస్థలు పెరగాలని, రుషికొండ మీద మన పిల్లలకు మరిన్ని కొలువులు రావాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను. కానీ ఆ ఆశను చూపించి ఆరు నెలల కోర్సు అమ్మడం సరైన పని కాదు. పేపర్లో వార్త చదివి పీఎఫ్ మీద చెయ్యి వేయడం అంతకంటే సరైన పని కాదు.

ఈ కోర్సుల మీద నాకున్న సందేహం ఈనాటిది కాదు. కొన్నేళ్ల క్రితం నేనే ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు అలాంటి ఒక సంస్థలో చేరమని చెప్పాను. కోర్సు ముగిశాక వాళ్లు రెజ్యూమెలు దిద్దించుకోవడానికి నా దగ్గరకు వచ్చారు. అందరి కాగితాల్లోనూ ఒకే ప్రాజెక్టు ఉంది: టైటానిక్ ఓడ ప్రయాణికుల పట్టిక తీసుకుని ఎవరు బతికి ఉంటారో ఊహించడం. ఆ పట్టికలో 891 మంది వివరాలు ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని పరిష్కరించిన కోడ్ కూడా పక్కనే దొరుకుతుంది. వాళ్లలో ఒక అమ్మాయిని, వయసు రాయని ప్రయాణికులను ఏం చేశావమ్మా అని అడిగాను. సగటు వయసు నింపమని సార్ చెప్పారండీ అంది. సగటే ఎందుకు నింపాలి, నింపితే ఫలితం ఎటు ఒరుగుతుంది అని అడిగితే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆరు నెలలూ కోడ్ టైపు చేయించారు, ఆలోచించే అవకాశం ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నేను ఏ సంస్థ పేరూ సిఫారసు చేయడం లేదు.

ఇప్పుడు మీ అమ్మాయి రెండు గంటలు ఏం చేస్తోందో చెబుతాను. అక్కడ మొదట్లోనే ఎదురయ్యే ఒక లెక్క ఇలా ఉంటుంది: లక్ష అంకెల జాబితా ఇస్తారు, వాటిలో ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనిపెట్టాలి. ఎవరికైనా మొదట తట్టేది ప్రతి అంకెనూ మిగతా అన్నింటితో కలిపి చూడడం. అలా చూస్తే దాదాపు 500 కోట్ల జతలు అవుతాయి. ఇలాంటి పోటీల్లో సాధారణంగా ఒకటి రెండు సెకన్లే గడువు కాబట్టి ఆ ప్రోగ్రాము తప్పు లేకుండా నడిచినా సమయం మించిపోయిందని తిప్పి పంపుతారు. అప్పుడు పిల్ల నోటుపుస్తకం ముందు వేసుకుని కూర్చుంటుంది. నా చేతిలో ఉన్న అంకెకు జోడీ ఎంత ఉండాలో నాకు తెలుసు కదా, ఇంతవరకు చూసిన అంకెలన్నీ వెతకగానే దొరికేలా ఒక చోట పెట్టుకుంటే వెనక్కి వెళ్లి అన్నింటినీ తిరగేయనక్కర్లేదు కదా అని ఏదో ఒక క్షణాన తడుతుంది. అంతే, 500 కోట్ల పని లక్ష అడుగుల్లో అయిపోతుంది. ఆ క్షణం పది నిమిషాల్లో రావచ్చు, రెండు రాత్రులు పట్టవచ్చు. స్క్రీన్ మీద ఏమీ కదలడం లేదు కాబట్టి మీకు అది ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. అసలు చదువు జరిగేది ఆ సమయంలోనే.

తలపండిన వాళ్లకు కూడా ఇది తేలిక కాదు. వరుసగా పేర్చిన పది లక్షల అంకెల్లో ఒకదాన్ని మధ్యకు విరుచుకుంటూ వెళ్లి ఇరవై అడుగుల్లో పట్టుకునే బైనరీ సెర్చ్ అనే పద్ధతిని ప్రతి కళాశాలలోనూ చెబుతారు. జావా భాషతో పాటు ఇచ్చిన బైనరీ సెర్చ్‌లోనే దాదాపు తొమ్మిదేళ్లు ఒక లోపం దాగి ఉంది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే ఆ సంగతి బయటపెట్టారు. మధ్య స్థానం కనుక్కోవడానికి రెండు సంఖ్యలు కూడినప్పుడు, జాబితా మరీ పెద్దదైతే ఆ మొత్తం 214 కోట్లు దాటి, మామూలు పూర్ణాంకానికి కేటాయించిన చోటులో పట్టక, రుణ సంఖ్యగా మారిపోయేది. అంతటి వాళ్ల చేతిలో అన్నేళ్లు తప్పు నిలిచినప్పుడు, పందొమ్మిదేళ్ల పిల్ల ఒక లెక్క దగ్గర రెండు గంటలు కూర్చోవడంలో వింతేముంది?

మీకు కోపం వచ్చినా ఒక మాట సూటిగా చెబుతాను. ఆ పిల్లను అడగకుండా మీరు అడ్వాన్స్ కట్టారు. ఉత్తరం మొత్తంలో ఆమె మనసు గురించి రాసిన మాట "ఇష్టం లేదు" అన్నది ఒక్కటే. ఎందుకు ఇష్టపడటం లేదో మీరు రాయలేదు, బహుశా అడిగి ఉండరు. బావమరిది గారి అబ్బాయి ఉద్యోగం సంగతి తెలుసు కానీ, అతడు ఆఫీసులో రోజంతా చేసే పని ఏమిటో మీకు తెలుసా? డేటా అన్న పేరుతో వచ్చే తొలి ఉద్యోగాల్లో చాలావాటిలో రోజూ రిపోర్టులు తయారు చేయడం, పట్టికలు సరిచూడడమే ఉంటుంది. అది గౌరవమైన పనే, నేర్చుకుంటూ పైకి వెళ్లవచ్చు, కానీ దానికి 1,80,000 ఖర్చు చేయవలసిన పని లేదు. మీ అమ్మాయికి ఎవరూ చెప్పకుండానే రోజూ కూర్చుని ఆలోచించే అలవాటు పట్టుబడింది. డబ్బు పెట్టినా దొరకని ఆ అలవాటును డబ్బు పెట్టి చెడగొట్టకండి.

ఇక పోలిక. పజిల్‌కు, డేటాకు అసలు తేడా ఒక్కటే: పజిల్‌కు తీర్పు చెప్పేవాడు ఉంటాడు, డేటాకు ఉండడు. కోడ్‌చెఫ్‌లో తప్పు రాస్తే వెంటనే తప్పు అని చూపిస్తుంది. డేటాతో పని చేసేటప్పుడు తప్పు లెక్క కూడా ఒప్పు లెక్కలాగే నిండుగా, చక్కగా కనిపిస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు ఎక్కలేదు. వివరాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో దాచడం, ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పట్టడం, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోవడం అందుకు కారణం. అక్కడ కొరవడినది పెద్ద గణితం కాదు, వచ్చినవెన్ని, చేరినవెన్ని అని సరిచూసుకునే అలవాటు.

ఆ అలవాటు మీ అమ్మాయికి ఖర్చు లేకుండా రావడానికి ఒక మార్గం ఉంది. ఎంవీపీ కాలనీలో గానీ, సీతమ్మధారలో గానీ రైతు బజారులో బోర్డు మీద రోజూ ధరలు రాస్తారు. మీకు ఏది వీలైతే అక్కడి ధరలను ఒక నెల పాటు రాసుకోమనండి, లేదా ఫోటో తీసి మీరే తెచ్చి ఇవ్వండి. రెండో వారానికల్లా ఆమె పట్టికలో ఒకే కాయ టమాటా, టమోటా, టొమాటో అని మూడు కూరగాయలుగా కనిపిస్తుంది. ఒక రోజు మీరు వెళ్లలేకపోతే ఆ గడిలో సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా అన్న ప్రశ్న వస్తుంది. ఆరు రోజులు కిలో 30 రూపాయలుండి ఏడో రోజుకు సున్నా వేస్తే వారం సగటు దాదాపు 25 రూపాయల 70 పైసలకు పడిపోతుంది; బజారులో ఆ ధరకు ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. ఇలాంటి గడి ఒక్కటి తన చేత్తో సరిదిద్దిన పిల్ల, ఇంటర్వ్యూలో టైటానిక్ గురించి అడిగినా తడుముకోదు.

భాషల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సీ ప్లస్ ప్లస్ 1985లో, పైథాన్ 1991లో, జావా 1995లో బయటికి వచ్చాయి. మూడూ ఈ రోజుకూ అన్నం పెడుతున్నాయి. సీ ప్లస్ ప్లస్ వేగంగా నడుస్తుంది, కంప్యూటర్ మెమరీలో ఏది ఎక్కడ ఉందో మనిషికి తెలిసేలా చేస్తుంది. పైథాన్‌లో అదే పని తక్కువ వాక్యాల్లో అవుతుంది, పట్టికలతో పని చేయడానికి పాండాస్ వంటి లైబ్రరీలు, అంటే ముందే రాసి ఉంచిన కోడ్, దానిలో ఉన్నాయి. ఒకటి గట్టిగా వచ్చిన వాళ్లకు రెండోది పట్టుబడడానికి కొన్ని వారాలు చాలు. కాబట్టి మారమనకండి, వేసవి సెలవుల్లో పైథాన్ కూడా చేర్చుకోమనండి. దానికి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారు పైథాన్‌తోనే డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని వెతకడానికి వీలుగా అమర్చుకునే పద్ధతులు) బోధించిన పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్న సాధనకు అవి సూటిగా కలుస్తాయి. పైథాన్ కంటే ముందు నేర్చుకోవలసినది మాత్రం ఎస్‌క్యూఎల్, అంటే పట్టికల్లో దాచిన సమాచారాన్ని అడిగి తీసుకునే భాష. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతి మీద 1974లో పుట్టిన ఈ భాషను ఎవరూ గొప్పగా ప్రకటించరు కానీ, డేటా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మొదట అడిగేది ఇదే. ఒక పట్టికలో లక్ష్మి అనే పేరు మూడుసార్లు, మరో పట్టికలో మూడుసార్లు ఉంటే, పేరును బట్టి రెండింటినీ కలిపినప్పుడు తొమ్మిది వరుసలు ఎందుకు వస్తాయో వివరించగలిగిన రోజున ఆమె ఆ మెట్టు ఎక్కినట్టే.

ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాస్తోంది కదా, ఈ సాధన ఎందుకు అని కూడా కొందరు అడుగుతున్నారు. ఏఐ రాసి ఇచ్చిన దానిలో 500 కోట్ల జతల పద్ధతి ఉందా, లక్ష అడుగుల పద్ధతి ఉందా అని చూసి చెప్పడానికి మనిషి కావాలి. మీ అమ్మాయి రాత్రుళ్లు నేర్చుకుంటున్నది ఆ చూపునే.

ఈ రాత్రి ఆమె పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఇంకా అవలేదా అని అడగకుండా, ఆ లెక్క ఏమిటో నాకు తెలుగులో చెప్పమ్మా అని అడగండి. మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. మీకు చెబుతూ చెబుతూ ఎక్కడ చిక్కుకుందో ఆమెకే తెలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. రేపు పొద్దున ద్వారకానగర్ వెళ్లి, రశీదు చూపించి ఆ 10,000 తిరిగి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోయినా మిగతా 1,70,000 ఇంకా మీ పీఎఫ్‌లోనే ఉన్నాయి.