పొగే పొయ్యి ఊదితే

తమ్ముడూ,

నువ్వు పంపిన మైటోకాండ్రియా వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. తప్పులు పెద్దగా లేవు. కానీ "మైటోకాండ్రియాలు కణశక్త్యాగారాలు" అని మొదలుపెట్టావు, అది బళ్లో అందరం బట్టీపట్టిన మాట, చూపు దాని మీంచి జారిపోతుంది. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఓ బడిలో ఇదే చెబితే, వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి "కణానికి ఎంత శక్తి కావాలో మైటోకాండ్రియాకెలా తెలుస్తుంది సార్?" అంది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

పని పెరిగితే కణం శక్తి కోసం వాడుకునే ఏటీపీ ఖర్చయి, దాన్నుంచి మిగిలే ఏడీపీ పోగవుతుంది, కండ ముడుచుకున్నప్పుడు కాల్షియం మైటోకాండ్రియా లోపలికి చేరి ఎంజైములను తట్టి లేపుతుంది, ఇవి నువ్వు బాగానే రాశావు. అవి మైటోకాండ్రియాకి బయటినుంచి వచ్చే కబుర్లు. లోపలే పుట్టే కబురు ఇంకోటి ఉంది, దాన్ని ఒక్క లైనులో తేల్చేశావు, చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. తిండిని మెట్టుమెట్టుగా కాల్చే క్రెబ్స్ వలయం తిరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా, మెట్లెక్కి రొప్పుతూ మనం బయటికి వదిలేసేది, అది అక్కడే బైకార్బొనేట్‌గా మారి ఒక ఎంజైముని, సాల్యుబుల్ అడినైలిల్ సైక్లేజ్‌ని లేపుతుందనీ, అది సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువుని తయారుచేస్తుందనీ, దాని అండతో ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఇంకో ఎంజైము వెళ్లి సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌కి ఫాస్ఫేటు తగిలిస్తే, ఆక్సిజన్ వాడుకుని ఏటీపీ తయారీని నడిపే శ్వాస గొలుసు వేగం పుంజుకుంటుందనీ 2009లో న్యూయార్క్ పరిశోధకులు రాశారు. మా అమ్మ తడి కట్టెల ముందు కూర్చుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఊదుగొట్టంతో ఊదేది. ఇక్కడ పొగే ఊదుగొట్టం అందుకుంటోంది! ఇంతకంటే మంచి బొమ్మ నీకెక్కడ దొరుకుతుంది?

నువ్వు బయోకెమిస్ట్రీ చదివినవాడివి కాబట్టి పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. పాఠకుడికి మాత్రం ముందు పని చూపించు, పేరు తర్వాత.

ఇంకో సంగతి దాచకు. లోపల సైక్లిక్ ఏఎంపీ పుడుతుందని తర్వాత వేరేవాళ్లూ చూశారు గానీ, 2013లో వెతికినవాళ్లకి ఆ కైనేజ్ జాడ లోపల కనబడలేదు. అంటే చివరి మెట్టు మీద ఇంకా వాదన ఉంది. అలాగే రాయి, వ్యాసానికి లోటేమీ రాదు.

భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి పేరా ఉంచు. 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఏటీపీని గుర్తించారు, కాబట్టి ఈ కథలో ఆయనకి చోటుంది. అయితే అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు, ఆ పేరు నువ్వు వదిలేశావు, చేర్చు.

తిరగరాసి ఆదివారం లోపు పంపు, చూస్తాను.