పర్లాకిమిడిలో పెళ్ళి వీడియోలకి లాప్‌టాపా డెస్క్‌టాపా?
తమ్ముడూ, 80 వేలల్లో పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌కి లాప్‌టాపా డెస్క్‌టాపా అన్నావు కదా, నాది మీ పక్కనే గుణుపురం, కళ్ళు మూసుకుని డెస్క్‌టాపే తీస్కో. కరెంటు పోతాదని నేనూ ముందు లాప్‌టాపే కొన్నాను, మే నెలలో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియోగా తియ్యడం) పెడితే కింద చెయ్యి పెట్టలేం, వేడెక్కి తనే స్పీడ్ తగ్గించేసుకుంటాది, పైగా బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా పనిచెయ్యదు. చిన్న యూపీఎస్ పెట్టు, అది పది నిమిషాలు కరెంటు ఇస్తే చాలు, సేవ్ చేసి ఆపేయొచ్చు.

ఒక్కటి మాత్రం చూస్కో. ఇంటెల్ అయితే ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉన్నది వద్దు, కొంచెం చవకే గానీ అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ (వీడియోని వేగంగా చదివే ఇంటెల్ ఏర్పాటు) పోతాది, అప్పుడు కెమెరాలోంచి వచ్చే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్ళు (రంగుల వివరం ఎక్కువుండే బరువైన వీడియోలు), వాటిని నేరుగా చదవగలిగే కొత్త గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, టైమ్‌లైన్ మీద ఎడ్లబండిలా నడుస్తాయి (నా ఫ్రెండొకడు షాపువాడి మాట విని అదే కొనేశాడు, ఇప్పుడు ప్రతీదానికీ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికపాటి కాపీలు, చేసుకుంటన్నాడు). ర్యామ్ 32 జీబీ, ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) 1 టీబీ. రంగు లైట్ల కేసుకి డబ్బులు తగలెయ్యకు.

మండపంలోనే అదే రోజు హైలైట్స్ ఇవ్వాలంటే మాత్రం లాప్‌టాప్ తప్పదు. రేట్లు బరంపురంలోనూ శ్రీకాకుళంలోనూ రెండుచోట్లా అడుగు, బిల్లు మర్చిపోకు.