నేను ఉపవాసమున్న రోజున ఇంట్లో వాళ్ల ఆకలి

ప్రార్థన, ఉపవాసం పెరిగేకొద్దీ సంఘంలోని మిగతా విశ్వాసులు మీ కంటికి చులకనగా కనిపిస్తున్నారనీ, అది తప్పని గ్రహించి వినయం అలవరచుకోబోతే ఆ వినయమే మరో గొప్పగా మారుతోందనీ, ఇందులోనుండి బయటపడటం ఎలాగనీ మీరు అడిగారు. నేనూ కొన్నేళ్లు ఇదే స్థితిలో ఉన్నాను కనుక, నాకు జరిగినది రాస్తున్నాను.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస కూడిక ఉంటుంది. నేను అది చాలదని బుధవారం కూడా ఉపవాసముండేవాడిని. ఏ రోజు ఎన్ని గంటలు ప్రార్థించానో, బైబిలు ఎన్నోసారి పూర్తి చేశానో డైరీలో రాసుకునేవాడిని. సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా "ఏ యోగ్యతా లేని నన్ను ప్రభువు వాడుకుంటున్నాడు" అని మొదలుపెట్టేవాడిని. మన సంఘాలలో వందనాలు చెప్పిన వెంటనే వచ్చే మామూలు మాటే అది. కానీ నా నోట మాత్రం ఆ వాక్యంలో బరువంతా చివరి పదం మీదే పడేది.

ఒక ఆదివారం ప్రేమవిందు ముగిశాక, పంపు దగ్గర గిన్నెలు తోముతున్న ఒక పెద్దావిడ నా చేతిలోని పళ్లెం అందుకుంటూ, "బాబూ, నువ్వు ఉపవాసమున్న రోజున మీ ఇంట్లో వాళ్లకే ఎక్కువ ఆకలేస్తున్నట్టుంది" అని మెల్లగా అంది. నా భార్య ఆమె దగ్గర ఏదో చెప్పుకుని ఉంటుందని అర్థమైంది. చెప్పుకోవలసినంత ఉంది మరి. బుధవారాల్లో పిల్లలు గట్టిగా నవ్వినా, కుక్కరు కూత వేసినా నేను విసుక్కునేవాడిని. ఆ కసురు భరించలేక ఆమె మధ్యాహ్నం పొయ్యి వెలిగించడమే మానేసి, పొద్దుట వండిన అన్నంలో మజ్జిగ పోసి పిల్లలకు పెట్టేది. గంట క్రితమే నాకు ఏ యోగ్యతా లేదని అందరి ముందు చెప్పినవాడిని, అదే సంగతి మరొకరు చెప్పేసరికి, అక్షరం ముక్క రాని మనిషి నాకు బుద్ధి చెప్పడమేమిటని రెండు రోజులు రగిలిపోయాను.

లూకా సువార్త 18వ అధ్యాయంలో, దేవాలయంలో ప్రార్థించే పరిసయ్యుని (యూదుల్లో నియమాలను నిష్ఠగా పాటించే వర్గపువాడు) ఉపమానాన్ని ఆ వారమే కాస్త నిదానంగా చదివాను. అంతవరకు అతణ్ణి వేషధారిగానే అనుకునేవాడిని, కానీ అతను అబద్ధమాడినట్లు ఉపమానంలో ఎక్కడా లేదు. మోషే ధర్మశాస్త్రం ఏడాదికొకసారి, ప్రాయశ్చిత్తార్థ దినాన విధించిన ఉపవాసాన్ని అతను వారానికి రెండుసార్లు చేశాడు, తన సంపాదన అంతటిలో పదియవ వంతు ఇచ్చాడు, పైగా తన భక్తికి కారణం తానేనని చెప్పుకోకుండా దేవునికే కృతజ్ఞత చెల్లించాడు. అంటే "అంతా దేవుని కృపే" అనడం కూడా మనల్ని కాపాడదన్నమాట. అతని ప్రార్థన చెడిపోయింది, అక్కడే ప్రార్థిస్తున్న పన్ను వసూలుదారుణ్ణి చూపి, "ఈ సుంకరివలెనైనను" తాను లేనందుకు కృతజ్ఞత చెప్పిన చోట. దేవుని ముందు నిలబడి పక్కవాడిని కొలవడం మొదలుపెట్టాడు. నా డైరీ చేసిన పనీ అదే. లెక్క రాసుకున్నాక, ఆ లెక్కను ఎవరి లెక్కతోనో పోల్చకుండా ఉండటం నావల్ల కాలేదు.

నేను ఉపవాసం మానలేదు, డైరీ మానేశాను. రోజు మార్చుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు ఉపవాసమున్నవాడిని తల అంటుకొని ముఖం కడుక్కొమ్మన్నది ఆత్మీయ అలంకారం కాదనీ, ఇంట్లో వాళ్లకు మామూలు ముఖం చూపించమనడమేననీ నాకిప్పుడు అనిపిస్తుంది. సంఘంలో ప్రేమవిందు వండే వంటశాలలో కూరగాయలు తరిగే పని అడిగి తీసుకున్నాను. అక్కడ గుమ్మడికాయ ముక్కలు పెద్దవిగా కోశానని ఆ పెద్దావిడే రెండుసార్లు నా చేత మళ్లీ తరిగించింది.

ఇక మీ రెండో బాధ, వినయమే గొప్పగా మారడం. రహస్యంగా ఉపవాసమున్న మూడో వారానికే "ఇంత చేస్తున్నా ఎవరికీ తెలియనివ్వడం లేదు" అని నా మీద నాకే ముచ్చట కలిగింది. 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కాసియన్, ఈ వ్యర్థ గౌరవాన్ని పెద్దలు ఉల్లిపాయతో పోల్చారని రాశాడు: ఒక పొర ఒలిస్తే కింద మరొకటి ఉంటుంది. అందుకని నేను ఒలవడం మానేశాను. అటువంటి ఆలోచన వచ్చినప్పుడు దాన్ని జయించడానికి కూర్చుంటే మళ్లీ నా గురించే ఆలోచిస్తాను కాబట్టి, ఒక్క మాటలో ఒప్పుకుని చేతిలో ఉన్న పనికి తిరిగి వెళతాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తనను తాను తిట్టుకోవడం వినయం కాదు. సంఘంలో అన్యాయాన్ని ప్రశ్నించినవారికి "తగ్గించుకో" అని చెప్పి నోరు మూయించేవారి మాటలో ఉన్నదీ వినయం కాదు. అపొస్తలుడైన పౌలు తాను అత్యధికంగా హెచ్చిపోకుండా శరీరంలో ముల్లు ఇవ్వబడిందన్నాడు, దాన్ని తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు కూడా. ముల్లు నొప్పిగా ఉందని చెప్పడానికి అతను మొహమాటపడలేదు.

మీ స్థితి ఎలా ఉందో నన్ను అడగడం కంటే, మీ ఉపవాస దినాలు ఎలా గడుస్తున్నాయో ఇంట్లో వాళ్లను అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపు మధ్యలో వివరణ ఇవ్వకండి. నేను అడిగిన రోజున మా ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు మా ఇంట్లో ఏ రోజైనా కుక్కరు కూత వేస్తుంది.