కండోమ్ విరుగుతుందా, పగులుతుందా, చిరుగుతుందా?

సందేహం: ఇంగ్లీషులో ఉన్న ఆరోగ్య కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. ‘కండోమ్ విరిగిపోతే’ అని రాస్తే తోటివారు నవ్వారు. ‘పగిలితే’ అనాలని ఒకరు, ‘చిరిగితే’ అనాలని మరొకరు అంటున్నారు. ఏది సరి? కండోమ్‌కు బదులు ‘నిరోధ్’ అనవచ్చా? ‘సన్నని కండోమ్’ సరైన ప్రయోగమేనా? (బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: విరగదు. వంచితే లొంగని కర్ర, కొమ్మ, ఎముక విరుగుతాయి. సాగే వస్తువుకు ఆ క్రియ అతకదు. తమాషా ఏమిటంటే, దాని ముడిసరుకు మాత్రం విరుగుతుంది. రబ్బరు చెట్టు నుంచి తీసిన పాలను ఊరికే ఉంచితే కొన్ని గంటల్లో గడ్డకడతాయి. అందుకే అమోనియా కలిపి నిలవ చేస్తారు. పాలు విరగవచ్చు, తొడుగు విరగదు.

మిగిలిన క్రియల్లో ఏదో ఒకటి ఎంచుకుని కరపత్రమంతా అదే రాయకండి. కండోమ్ పాడయ్యే తీరు ఒకటి కాదు. తీరును బట్టి క్రియ మారుతుంది, జాగ్రత్త కూడా మారుతుంది.

లోపలి ఒత్తిడికి బయటిది విచ్చిపోతే ‘పిగులు’. మిర్చి యార్డులో మిరపకాయలు కుక్కి నింపిన టిక్కీ (గోనె బస్తా) పిగిలిందంటారు చూడండి, అదే. తొడుక్కునేటప్పుడు చివరి మొనను నొక్కి పట్టకపోతే అక్కడ గాలి మిగిలి కండోమ్ పిగలవచ్చు. కర్మాగారంలో గాలి నింపి చూసే పరీక్ష కూడా దీనికోసమే. మామూలు 53 మిల్లీమీటర్ల వెడల్పు రకం కనీసం 18 లీటర్ల గాలిని, 1 కిలోపాస్కల్ ఒత్తిడిని పిగలకుండా తట్టుకోవాలి. బుడగ ‘పగిలింది’ అంటాం కాబట్టి పగలడం తప్పనను. కానీ ఆ మాట వినగానే కుండా గాజూ గుర్తొస్తాయి.

గోరు, పన్ను, ఉంగరం తగిలితే, తడి లేక ఒరిపిడి ఎక్కువైతే ‘చిరుగు’. మన జిల్లాల్లో ‘చినిగింది’ అంటారు, అలాగే అచ్చువేసినా నేను దిద్దను. ఇక్కడే ఒక వాక్యం తప్పక చేర్చండి: కొబ్బరినూనె, వాసెలిన్ రాయకూడదు. నూనె తగిలితే లాటెక్సు, అంటే ఆ రబ్బరు పాలతో చేసిన పొర, నిమిషాల్లోనే బలం కోల్పోతుంది. నీటితోగానీ సిలికోన్‌తోగానీ చేసిన జెల్ అయితే ఫరవాలేదు.

కంటికి ఆనని రంధ్రం ఉంటే ‘కారు’ అనండి, ‘లీకు’ అన్నా అందరికీ తెలుసు. సైకిలు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూసినట్టే దీనికీ ఒక పరీక్ష ఉంది. 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి వేలాడదీస్తారు, తర్వాత పీల్చే కాగితం మీద దొర్లించి తడి అంటిందా అని చూస్తారు. ఇక వదులై జారిపోతే ‘ఊడు’, చెప్పు ఊడినట్టు.

‘సన్నని’ దారానికి నప్పుతుంది. పొరకైతే ‘పలుచని’ మేలు. ‘గట్టి కండోమ్’ అని మాత్రం రాయవద్దు. గట్టిదనం వేరు, సాగే గుణం వేరు. మెరుగైన కండోమ్ కోసం చేసే ప్రయత్నాలన్నీ చిక్కుకునేది ఈ తేడా దగ్గరే. లాటెక్సు ఏడు రెట్లకు పైగా సాగుతుంది, కానీ మామూలు రకాల మందం 0.06, 0.07 మిల్లీమీటర్లు. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో 0.02కు దించారు. వేడి కూడా బాగా తెలుస్తుంది. అయితే అది అంతగా సాగదు, కాబట్టి వెడల్పుగా చేయాలి. వెడల్పు పెరిగితే ఊడే భయం. వాడకంలో చూసిన పరీక్షల్లో లాటెక్సు కన్నా ఎక్కువగా చిరిగింది కూడా. 2013లో గేట్స్ ఫౌండేషన్ కొత్త తరం కండోమ్ కోసం లక్ష డాలర్ల చొప్పున గ్రాంట్లు ఇచ్చింది. గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల అతి పలుచని పొర) కలిపి చూస్తామన్న మన ప్రభుత్వ కండోమ్ తయారీ సంస్థ హెచ్‌ఎల్‌ఎల్‌కూ ఒకటి దక్కింది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు స్పినిఫెక్స్ గడ్డి నారను లాటెక్సులో కలిపి చూశారు. ఇలాంటి విషయం అనువదించేటప్పుడు ‘మందం’, ‘బలం’, ‘సాగుడు’ అని మూడు మాటలూ విడివిడిగా వాడండి.

‘నిరోధ్’ 1968లో ప్రభుత్వం తెచ్చిన బ్రాండు పేరు. సంస్కృత ‘నిరోధ’ తెలుగులోకి నేరుగా వస్తే ‘నిరోధం’ కావాలి. ఇది హిందీ ఉచ్చారణతో, చివరి అచ్చు రాలి వచ్చింది. వనస్పతికి డాల్డా అన్నట్టు జనం నోట జాతిపేరైంది. మాటల్లో సరే, కరపత్రంలో ‘కండోమ్’ అనే రాయండి. ‘గర్భనిరోధకం’ అంటే మాత్రలూ కాపర్‌టీ కూడా వస్తాయి. ‘తొడుగు’ మంచి తెలుగు మాటే గానీ ‘తొడుగు తొడుక్కోవాలి’ అని రాయాల్సి వచ్చినప్పుడు మీరే ఇబ్బంది పడతారు.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘కండోమ్ చిరిగినా, పిగిలినా, ఊడినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. అత్యవసర గర్భనిరోధక మాత్రైనా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులైనా 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత త్వరగా మొదలుపెట్టాలి.’