కాలిన ఇంజన్ ఆయిల్‌కు ఏ పంపు, ఏ ఫిల్టర్?

ప్రశ్న: సార్, నమస్తే. జీడిమెట్లలో మాకు చిన్న అల్యూమినియం కాస్టింగ్ షెడ్డు ఉంది. డీజిల్ ఖర్చు భరించలేక ఫర్నేస్‌కు కంప్రెసర్ గాలితో పనిచేసే వేస్ట్ ఆయిల్ బర్నర్ పెట్టించాం. గ్యారేజీల నుంచి కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి, అర హెచ్‌పీ నీళ్ల మోటారుతో తోడి, ఇంట్లో తాగునీటికి వాడే ప్లాస్టిక్ హౌసింగ్‌లో 5 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) క్యాండిల్ పెట్టి వడకడుతున్నాం. క్యాండిల్ అరగంటకే మూసుకుపోతోంది. చలికాలం పొద్దున మోటారు అసలు లాగదు. వడకట్టినా ఆయిల్ నల్లగానే ఉంటోంది. బర్నర్ ఉండుండి చిటపటలాడి ఆరిపోతోంది. ఏ పంపు, ఏ ఫిల్టర్ కొనాలి?
– ఒక పాఠకుడు, జీడిమెట్ల

జవాబు: బర్నర్ చిటపటలాడి ఆరిపోతోందంటే మీ ఆయిల్‌లో నీళ్లున్నాయి. ఆ నీళ్లు పోనంతవరకు రాణీగంజ్‌లో ఎంత ఖరీదైన ఫిల్టర్ కొన్నా డబ్బు దండగే. కాగితపు ఫిల్టర్ నీళ్లకు ఉబ్బి మూసుకుపోతుంది. మీ నీళ్ల మోటారు దీన్ని ఇంకా పాడు చేస్తోంది. అది సెంట్రిఫ్యూగల్ పంపు, అందులో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం వేగంగా తిరుగుతూ ఆయిల్‌నూ నీళ్లనూ మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. అలా కలిసిపోయిన నీళ్లు వారం ఆగినా సరిగ్గా విడిపోవు. పైగా ఆ పంపు నీళ్లలాంటి పల్చని ద్రవం కోసం చేసింది. మామూలు 15డబ్ల్యూ-40 రకం ఇంజన్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గరే నీళ్లకంటే వంద రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. జనవరి పొద్దున ఇంకెంత చిక్కబడుతుందో చెప్పక్కర్లేదు. మోటారు లాగకపోవడం దాని తప్పు కాదు.

పంపు సంగతికి ముందు మడ్డి సంగతి చూడండి. అడుగు గరాటులా ఉండి, కింద బాల్ వాల్వ్ ఉన్న నిలువు ట్యాంకు ఒకటి చేయించండి. కొత్త ట్యాంకు కుదరకపోతే 200 లీటర్ల డ్రమ్ములకే అడుగున వాల్వ్ వెల్డింగ్ చేయించవచ్చు. అయితే పాత డ్రమ్మును బాగా కడిగి, లోపల ఆవిరి లేకుండా చూసుకున్నాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఆయిల్‌ను 60–70 డిగ్రీల వరకు వేడిచేసి, హీటర్ ఆపేసి, కదపకుండా వదిలేయండి. వేడికి ఆయిల్ పల్చబడి నీళ్లూ మట్టీ లోహపు రజనూ అడుగుకు దిగుతాయి. రేణువు సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పెద్ద చెత్త ఒక్క రాత్రిలో దిగినా సన్నది దిగడానికి రోజులు పడుతుంది. ఒక డ్రమ్ము తేరుకుంటుంటే ఇంకోటి వాడుకునేలా కనీసం మూడు డ్రమ్ములు పెట్టుకోండి. కింది నుంచి నీళ్లూ మడ్డీ వదిలేసి, తేట ఆయిల్‌ను అడుక్కి ఓ జానెడు పైనుంచి తీసుకోండి. ఈ ఒక్క పనితో మీ ఫిల్టర్ ఖర్చు సగానికి పైగా తగ్గుతుందని నా నమ్మకం.

నీళ్లు పోయాయో లేదో చూడటం తేలిక. ఇనుప పెనాన్ని 130–150 డిగ్రీల వరకు వేడిచేసి ఒక చుక్క ఆయిల్ వేయండి. చిటచిటమంటే నీళ్లున్నట్టు. కళ్లద్దాలు పెట్టుకుని, కాస్త ఎడంగా నిలబడి చూడండి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. డ్రమ్ము కింద కట్టెలు గానీ గ్యాస్ పొయ్యి గానీ పెట్టకండి. నేను సనత్‌నగర్‌లో బాయిలర్లు చూసుకునే రోజుల్లో పక్క షెడ్డులో అలాగే వేడిచేశారు. అడుగున నిలిచిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై డ్రమ్ములోని ఆయిలంతా నురగలా పొంగి మంట మీద పడింది. అక్కడ పనిచేసే కుర్రాడి రెండు చేతులూ కాలాయి. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. అది ఆయిల్‌ను నెట్టుకుంటూ బయటికి రాక తప్పదు. థర్మోస్టాట్ ఉన్న హీటర్ వాడండి. ట్యాంకు మూడింట రెండు వంతులకు మించి నింపకండి. మూత బిగించకండి. పెట్రోలు వాసన వచ్చే డ్రమ్మును షెడ్డులోకే రానివ్వకండి. కాస్త పెట్రోలు కలిసినా ఆయిల్ అంటుకునే ఉష్ణోగ్రత బాగా కిందికి పడిపోతుంది.

ఇక పంపు. మీ దగ్గర కంప్రెసర్ ఉంది కాబట్టి వడకట్టే పనికి గాలితో నడిచే డబుల్ డయాఫ్రమ్ పంపు తీసుకోమంటాను, అందులో రెండు రబ్బరు పొరలు ముందుకూ వెనక్కూ కదులుతూ ఆయిల్‌ను నెడతాయి. ఆయిల్‌ను అంతగా చిలకదు, మట్టికి జంకదు, ఆయిల్ అయిపోయి ఉత్తినే నడిచినా చెడదు. ఫిల్టర్ మూసుకుపోతే తనంతట తానే ఆగిపోతుంది. కరెంటు మోటారు లేదు కాబట్టి నిప్పురవ్వల టెన్షన్ కూడా ఉండదు. డయాఫ్రమ్ నైట్రైల్ రబ్బరుదేనా అని షాపులో అడిగి తీసుకోండి, మామూలు రబ్బరు ఆయిల్‌కు ఉబ్బిపోతుంది. గాలి రెగ్యులేటర్‌తో నెమ్మదిగా నడపండి. వేగం పెంచితే ఫిల్టర్ సరిగ్గా పట్టదు.

వడకట్టిన ఆయిల్‌ను బర్నర్ పక్కన ఉండే చిన్న ట్యాంకుకు పంపడానికి గేర్ పంపు మంచిది. 1440 ఆర్‌పీఎం మోటారు చాలు, 960ది దొరికితే ఇంకా మంచిది. నెమ్మదిగా తిరిగే గేరు చిక్కటి ఆయిల్‌ను సులువుగా లాగుతుంది, అరుగుదల కూడా తక్కువ. ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ లేని గేర్ పంపు మాత్రం వద్దే వద్దు. డెలివరీ (ఆయిల్ బయటికి వెళ్లే వైపు) వాల్వ్ మూసి మరచిపోతే ప్రెషర్ పెరిగి పైపో సీలో పగులుతుంది, లేదా మోటారు కాలుతుంది. పంపును ట్యాంకు అడుగు కంటే కింద పెట్టండి. సక్షన్ (ఆయిల్ లోపలికి లాగే వైపు) పైపు పంపు నోటికంటే ఒక సైజు పెద్దది వేయండి. గరగరమని శబ్దం చేస్తోందంటే ఆయిల్ అందడం లేదన్నట్టు. ముందు సక్షన్ పైపులోని స్టీలు వడపోత జాలి మూసుకుపోయిందేమో చూడండి, తర్వాత జాయింట్లలో ఎక్కడైనా గాలి పీలుస్తోందేమో చూడండి.

చాలామంది సన్న ఫిల్టర్‌ను సక్షన్ వైపు పెట్టి పంపును చంపేస్తారు. సక్షన్‌లో కడుక్కుని వాడే 60 మెష్ (అంగుళానికి 60 కన్నాలు) స్టీలు జాలి చాలు, దాని కన్నం సుమారు 250 మైక్రాన్లు. మిగతావన్నీ డెలివరీ వైపే ఉండాలి. ఇనుప హౌసింగ్‌లో ముందు 50 మైక్రాన్ బ్యాగ్ (వడపోత సంచి), తర్వాత 10 మైక్రాన్ బ్యాగ్ పెట్టండి. పాలీప్రొపిలీన్ బ్యాగులు 60 డిగ్రీల ఆయిల్‌కు సరిపోతాయి. మీరిప్పుడు వాడుతున్న ప్లాస్టిక్ హౌసింగ్‌ను ఈరోజే తీసేయండి. వేడి ఆయిల్‌కు అది పగిలిందంటే ఫర్నేస్ పక్కన ఏం జరుగుతుందో మీకే తెలుసు. హౌసింగ్‌కు అటూ ఇటూ ప్రెషర్ గేజ్ బిగించండి. కొత్త బ్యాగ్ వేసిన రోజు రెండింటి తేడా గోడ మీద రాసుకోండి. ఆ తేడా ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకు) పెరిగితే బ్యాగ్ మార్చండి.

ఆటోనగర్‌లో లారీ ఆయిల్ ఫిల్టర్లు చవగ్గా దొరుకుతాయని వాటిని బిగించేవాళ్లున్నారు. వాటిలో చాలావాటికి లోపలే బైపాస్ వాల్వ్ ఉంటుంది. ఇంజన్‌కు ఆయిల్ అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయమని అలా చేస్తారు. మీ పనికి అది పనికిరాదు, ఫిల్టర్ నిండగానే మురికి పక్కదారిన వెళ్లిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు.

5 మైక్రాన్ అక్కర్లేదు. గాలితో ఆయిల్‌ను చీల్చే నాజిల్‌కు 10 మైక్రాన్ ధారాళంగా సరిపోతుంది. నలుపు గురించి బెంగ పెట్టుకోకండి. అది మైక్రాన్ కంటే సన్నని మసి, ఏ బ్యాగూ దాన్ని పట్టలేదు. ఆయిల్‌లో కలిసిపోయిన జింకు, కాల్షియం కూడా పోవు. అవి బూడిదగా ఫర్నేస్ గోడలకు పడతాయి, మధ్యమధ్య గీకి శుభ్రం చేసుకోవాల్సిందే. ఆ బూడిదను ఉత్త చేతులతో ముట్టుకోవద్దని మీ పనివాళ్లకు చెప్పండి, మాస్కు ఇప్పించండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడేసిన ఆయిల్‌ను అనుమతి లేకుండా కొనడం, శుద్ధి చేయడం, తగలబెట్టడం కుదరదు. సనత్‌నగర్ పర్యావరణ భవన్‌లో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు వెళ్లి మీ యూనిట్‌కు ఏ అనుమతి కావాలో అడగండి. అది రాకపోతే అనుమతి ఉన్న రీసైక్లర్ దగ్గర శుద్ధి చేసిన ఇంధనం కొనుక్కోండి, పంపుల ఖర్చూ మిగులుతుంది. గ్యారేజీ డ్రమ్ములో థిన్నరో, క్లోరిన్ ఉన్న కటింగ్ ఆయిలో, పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలో కలిసి ఉంటే ఆ పొగ మీ చుట్టుపక్కల ఇళ్లలో పిల్లలు పీలుస్తారు. మడ్డినీ వాడేసిన బ్యాగులనూ నాలాలో పడేయకండి. అవి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరాలి.

ప్రశ్న: ఇలా వడకట్టిన ఆయిల్‌ను డీజిల్‌లో కలిపి జనరేటర్‌కు పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: వద్దమ్మా. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. ఇంజన్ ఆయిల్ వందకు పైనే. ఇంజెక్షన్ పంపులో భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే ఉంటుంది, 10 మైక్రాన్ ఫిల్టర్ దాటి వచ్చిన రజను అక్కడ గీతలు పెడుతుంది. కొత్త జనరేటరైతే సైలెన్సర్‌లో మసి ఫిల్టర్ ఉండవచ్చు. ఆయిల్‌లోని లోహాల బూడిద అందులో పేరుకుంటే కాలి పోదు, ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. ఒకవేళ ఇప్పటికే పోసి ఉంటే స్టార్ట్ చేయకండి. ట్యాంకు ఖాళీ చేయించి, డీజిల్ ఫిల్టర్ మార్పించి, కొత్త డీజిల్ నింపాకే నడపండి.