బ్రూడరులో కొన్ని కోడిపిల్లలు పెరుగుతూ, కొన్ని గిడసబారుతున్నాయెందుకు?

ప్రశ్న: 150 వనరాజా (పెరటి పెంపకపు కోళ్ల రకం) పిల్లలను ఒక్కరోజు వయసులో తెచ్చి బ్రూడరులో, అంటే బల్బు వేడి కింద, పెంచుతున్నాను. ఇప్పటికి 22 రోజులు. కొన్ని 300 గ్రాములు దాటాయి, కొన్ని 150 గ్రాముల దగ్గరే ఆగిపోయాయి. వారం ఆగి మా పెట్టలు పొదిగిన 30 నాటు పిల్లలను కూడా అందులోనే వదిలాం. షెడ్డు మూలన 200 వాట్ల బల్బు ఒకటి, రెండడుగుల మేత తొట్లు రెండు, రెండు లీటర్ల డ్రింకర్లు రెండు ఉన్నాయి. దాణాలో నూకలు కలిపి వేస్తున్నాం. టానిక్ ఏదైనా పట్టించాలా?
– ఒక రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: టానిక్‌తో తీరేది కాదండీ. కారణం మీరు రాసిన లెక్కలోనే ఉంది. రెండడుగుల తొట్టికి రెండు వైపులా కలిపి సుమారు 120 సెంటీమీటర్ల అంచు వస్తుంది, రెండు తొట్లకు 240. మొదటి రెండు వారాల్లో పిల్లకు 2.5 సెంటీమీటర్ల చోటు కావాలి. అంటే మీ తొట్ల దగ్గర ఒకేసారి తినగలిగినవి 96 మాత్రమే. మిగతావి వెనక నిలబడ్డాయి. మూడో వారం నుంచి పిల్లకు 5 సెంటీమీటర్లు ఇవ్వాలి కాబట్టి, మొత్తం 180 పిల్లలకు ఇప్పుడు అలాంటి తొట్లు ఏడెనిమిది ఉండాలి. నీటికి 50 పిల్లలకు ఒక డ్రింకరు చొప్పున నాలుగు పెట్టండి. తొట్టి అంచు, డ్రింకరు అంచు పిల్ల వీపు ఎత్తులో ఉండాలి. అయితే పెద్దవాటి వీపును చూసి ఎత్తు పెంచితే చిన్నవాటికి అందదు, అక్కడ జాగ్రత్త.

వెనకబడ్డ పిల్లకు చివరికి దొరికేది కూడా మంచి మేత కాదు. బలమైనవి ముందుగా వచ్చి మొక్కజొన్న ముక్కలు, నూకలు ఏరుకు తింటాయి, అడుగున పొడి మిగులుతుంది. పొడి ఒక్కటే తిన్న పిల్లకు గింజ అందదు, గింజ ఏరుకున్న పిల్లకు పొడిలోని విటమిన్లు, ఖనిజ లవణాలు అందవు. నూకలు కలిపితే ఈ ఏరుడు ఇంకా ఎక్కువవుతుంది. పైగా చిన్న పిల్లలకు వేసే చిక్ స్టార్టరు దాణాలో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి, నూకల్లో 8 శాతానికి మించవు. ఖర్చు తగ్గుతుందని నూక కలిపితే ఎదుగుదల తగ్గుతుంది. ఆరు వారాలు నిండేదాకా దాణాలో నూకలు వద్దు. తొట్టిని మూడో వంతుకు మించి నింపకండి. రోజుకోసారి పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్ళీ వేయండి, అడుగు పొడి కూడా తింటాయి. బూజు వాసన వచ్చే మొక్కజొన్న ఎంత చవకగా దొరికినా కొనవద్దు.

బల్బు విషయం. మూలన ఒక్కటే ఉంటే పిల్లలన్నీ దాని కిందే గుమిగూడి, బలహీనమైనవి అంచుకు నెట్టబడతాయి. చలికి వణికే పిల్ల మేతకు కదలదు. 100 వాట్ల బల్బులు మూడు, మధ్యలో దూరం దూరంగా వేలాడదీయండి. ఇవి పాత ఫిలమెంటు బల్బులే కావాలి, ఎల్‌ఈడీ వెలుగే తప్ప వేడి ఇవ్వదు. పిల్లల ఎత్తులో వేడి మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించాలి. ఆ లెక్కన ఇప్పుడు 80 దగ్గర చాలు. థర్మామీటరు లేకపోయినా పిల్లలను చూస్తే తెలుస్తుంది. గుంపు కడితే చలి, గోడల వారకు పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు.

నాటు పిల్లలను ఈ రోజే వేరు చేయండి. అవి వయసులో వారం చిన్నవి, జాతి లక్షణంగానే నెమ్మదిగా పెరుగుతాయి. వాటిని వనరాజాతో పోల్చకూడదు. పెరట్లో తల్లితో తిరిగి వచ్చిన పిల్లలు రక్తపారుడు రోగాన్ని (కాక్సీడియోసిస్), పేలను వెంట తెచ్చే ప్రమాదం కూడా ఉంది. వనరాజాలో పుంజు పిల్లలు ఈ వయసు నుంచే బరువులో పెట్టలను దాటిపోతాయి. తురాయి ఎర్రబడుతున్నవి పెద్దగా, మిగతావి కాస్త చిన్నగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు. సగానికి సగం తేడా మాత్రం సహజం కాదు.

ఉదయం మేత వేయకముందు చిన్న కాటాతో తూచండి. చేతికందిన వాటిని పట్టుకోకుండా, షెడ్డులో ఒక మూలను అట్టతో అడ్డుకట్టి అందులో చిక్కిన పాతిక, ముప్పై పిల్లలనూ ఒక్కటీ వదలకుండా తూచాలి. సగటు 240 గ్రాములు వచ్చిందనుకుందాం. దానికి పది శాతం అటూ ఇటూ, అంటే 216, 264 మధ్య ఎన్ని ఉన్నాయో చూడండి. 100కి 80 ఉంటే మంద బాగున్నట్టే. తర్వాత మొత్తం మందను పెద్దవి, చిన్నవిగా రెండు గుంపులు చేయండి. చిన్నవాటి దగ్గర వేడి 85 డిగ్రీలు ఉంచి, తొట్లు, డ్రింకర్లు ధారాళంగా పెడితే పది రోజుల్లో చాలా మటుకు కోలుకుంటాయి. వాటిని మళ్ళీ పెద్దవాటిలో కలపొద్దు. కాళ్ళు వంకరపోయినవి, సగటులో సగం కూడా లేనివి మేత దండగ, తీసేయండి.

షెడ్డు నేల మీద పరచిన ఊక తప్పక చూడండి. పిడికెడు తీసి నొక్కితే ముద్దకట్టి విడిపోకపోతే తేమ ఎక్కువైనట్టే. డ్రింకర్ల చుట్టూ గడ్డకట్టిన ఊక ఎత్తి పారేసి, పొడి ఊక వేసి రోజూ కలియబెట్టండి. రెట్టలో రక్తం, రెక్కలు వాల్చడం కనిపిస్తే రక్తపారుడు అనుమానించి పశువైద్యుడికి చూపించండి. ఆయన ఆంప్రోలియం 20 శాతం పొడి రాస్తే 25 లీటర్ల నీటికి 30 గ్రాములు కలిపి 5 నుంచి 7 రోజులు పట్టిస్తారు. ఆ రోజుల్లో బి-కాంప్లెక్స్ టానిక్ ఇవ్వకండి, అందులోని బి1 మందు పనిని చెడగొడుతుంది.

28వ రోజు కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా బూస్టరును నీళ్ళలో కాకుండా కంట్లో చుక్కగా వేయించండి. నీళ్ళలో కలిపితే డ్రింకరు దగ్గరకు రాలేని చిన్న పిల్లలకు టీకా కూడా సరిగా అందదు.

ఇంకోసారి పిల్లలను తెచ్చినప్పుడు వదిలిన రాత్రే ఇరవై పిల్లలను పట్టుకుని మెడ కింద మేత సంచిని వేలితో తడమండి. మెత్తగా నిండి ఉంటే మేత, నీరు రెండూ దొరికాయి. గట్టిగా ఉంటే నీరు తాగలేదు, ఖాళీగా ఉంటే అసలు తొట్టి కనుక్కోలేదు. అలాంటి పిల్లల ముక్కును నీటిలో ఒకసారి ముంచి, కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లి పక్కన వదలండి.