ఆలస్యమా, విలంబమా?

సందేహం: జీవవ్యవస్థల్లో ‘మారే కాల ఆలస్యాలు’ గల సమీకరణాల సాధనపై డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘కాల ఆలస్యం’ సరైన మాటేనా?
– ఒక గణిత అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

సమాధానం: ‘ఆలస్యం’ బస్సుకు చెల్లుతుంది. సమీకరణానికి నాకు నచ్చదు. అలసుడి గుణం ఆలస్యం. సంస్కృతంలో దానికి సోమరితనమే అర్థం. దోమల సంఖ్యను లెక్కగట్టే సమీకరణాన్నే తీసుకోండి. గుడ్డు దోమ కావడానికి చలికాలంలో ఎక్కువ రోజులు పడతాయి. అందులో సోమరితనం ఏముంది? పైగా ముందు ‘కాల’ ఎందుకు? ఆలస్యం కాలంలో కాక ఇంకెక్కడ జరుగుతుంది? ‘టైమ్ డిలే’ లాంటి ఇంగ్లీషును మాటకు మాట దించే ఈ అలవాటు మన పాఠ్యపుస్తకాలను పాడుచేస్తోంది.

‘విలంబం’ తీసుకోండి. లంబ ధాతువుకు వేలాడటం అర్థం. దారానికి కట్టి వదిలిన గుండు చూపే నిలువు లంబం. వేలాడే బొజ్జవాడు లంబోదరుడు. పట్టుకుని వేలాడే ఆసరా ఆలంబనం. పని తెగక వేలాడుతూ ఉండటం విలంబం. మీ ఊరి పిల్లలమర్రి కిందికి వెళ్లి తల పైకెత్తి చూడండి. కొమ్మ నుంచి దిగిన ఊడ నేల తాకేదాకా గాలిలోనే వేలాడుతుంది. తాకాక వేరూని, మానై, ఆ కొమ్మనే మోస్తుంది. ఒక్కో ఊడకు ఒక్కో గడువు. మీరు చెప్పే మారే విలంబం అదే! చెదలు పట్టిన ఆ చెట్టుకు 2018 ఏప్రిల్‌లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. అప్పుడు నడుస్తున్నది విళంబి నామ సంవత్సరం. కాకతాళీయమే, అయినా నేను మరచిపోలేదు.

సమీకరణంలోనూ ఈ ధాతువే పలుకుతుంది. ఇవాళ రెక్కలొచ్చిన దోమలు ఏనాడో పెట్టిన గుడ్లవి. అందుకే సాధనకు తొలి క్షణపు విలువ ఒక్కటే చాలదు, వెనుకటి కొంతకాలపు చరిత్రంతా కావాలి. దాన్ని ఆలంబనగా పట్టుకుని అంచెలంచెలుగా ముందుకు సాగాలి. విలంబం పెరుగుతున్నప్పుడు కొత్త దోమలు వచ్చే వేగం ఆ మేరకు తగ్గుతుంది. ఒకటిలోంచి విలంబపు మార్పురేటును తీసివేసి, ఆ వచ్చినదానితో ఆనాడు గుడ్లు పెట్టిన వేగాన్ని గుణించాలి. పాఠంలో ఇది విడిచిపెట్టకండి. రక్తకణాల ఉత్పత్తికి మ్యాకీ, గ్లాస్ అనే శాస్త్రవేత్తలు 1977లో ఇచ్చిన ప్రసిద్ధ సమీకరణంలో విలంబం స్థిరం, మీది చరం.

‘జాప్యం’ కార్యాలయాల మాట. ‘జాగు’ అచ్చతెలుగు, నాకెంతో ఇష్టం, కానీ ‘అవకలన’ (డిఫరెన్షియల్) పక్కన అతకడం లేదు. ‘విలంబన’ అన్నా తప్పనను. తరగతిలో పిల్లలు ‘ఆలస్యం’ అంటే దిద్దనక్కరలేదు. పుస్తకంలో మాత్రం ‘చర విలంబ అవకలన సమీకరణం’ అని రాసి, పక్కన నేల తాకని ఊడ బొమ్మ ఒకటి వేయించండి.